మామిడి లోడ్లు మొదలయ్యేలోగా: డీజిల్ పికప్‌లో ఏ ఆయిల్ పోయాలి, ఏం చూసుకోవాలి

సువర్ణరేఖ మామిడి కోతకొచ్చిందంటే ఉత్తరాంధ్రలో ఎస్.కోట, గజపతినగరం, బొండపల్లి వైపు పికప్‌లకు తీరికుండదు. తోటలోకి మట్టిదారి, క్రేట్లు నిండేదాకా ఎదురుచూపు, కెపాసిటీకి మించిన లోడు, ఆపైన మిట్టమధ్యాహ్నం ఎండలో హైవే. కొన్ని బళ్లు రామభద్రపురం, సాలూరు దాటి ఘాట్ ఎక్కి సుంకి మీదుగా ఒడిశాలోని కొరాపుట్ దాకా పోతాయి. ఏడాది మొత్తంలో ఇంజన్ ఆయిల్‌ని ఇంతగా నలిపే కాలం ఇంకోటి లేదు. అందుకే మార్చి నెలాఖరుకల్లా ఆయిల్ మార్చేసి సీజన్‌లోకి దిగాలి. ఇంకో రెండు వేల కిలోమీటర్లు నడుస్తుందిలే అని పాత ఆయిల్‌తోనే మొదలుపెడితే, సరిగ్గా లోడ్లు ఊపందుకున్నప్పుడే గడువు దాటిపోతుంది. అప్పుడు షెడ్డు ముఖం చూసే తీరిక ఎవరికీ ఉండదు.

"ఎండలు ముదిరాయి, చిక్కటిది పొయ్యి" అన్న మాట ఏ షెడ్డులోనైనా వినిపిస్తుంది. పాత బళ్ల కాలంలో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. బీఎస్6 (భారత్ స్టేజ్ పొగ నిబంధనల్లో ఆరోది) బండి దగ్గర మాత్రం చిక్కదనం కంటే ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది: ఆయిల్ కాలాక మిగిలే బూడిద.

కాబట్టి ఆయిల్ కొట్టుకి వెళ్లేముందు ఆర్‌సీ చూడండి. దేశమంతటా బీఎస్4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్6 అయింది 2020 ఏప్రిల్ 1 నుంచి. బీఎస్6 డీజిల్ పికప్‌లు దాదాపు అన్నిటికీ సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే మసి అందులో ఆగుతుంది. మసి పేరుకున్నాక ఇంజన్ తనంతట తానే సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి దాన్ని కాల్చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి వాటి నుంచి వస్తుంది. ఒకసారి డీపీఎఫ్‌లో చేరితే ఏ రీజెన్ దాన్ని బయటికి పంపలేదు. బూడిద ఎక్కువిచ్చే ఆయిల్ పోస్తే మొదట రీజెన్ తరచుగా మొదలవుతుంది, తర్వాత ఇంజన్ లాగుడు తగ్గిపోతుంది, చివరికి బండి స్పీడ్ కట్ అయి పాకుతుంది. ఆయిల్ డబ్బా మీద మిగిలిన వందల రూపాయలకీ డీపీఎఫ్ ఖర్చుకీ పొంతనే లేదు.

డబ్బా మీద రెండు రకాల రాతలుంటాయి. ముందువైపు పెద్దక్షరాల్లో కనిపించే సూపర్, టర్బో, పవర్ లాంటి మాటలు వదిలేయండి. వెనకవైపు సన్నక్షరాల్లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అని ఒక గుర్తింపు ఉంటుంది. ఎస్ తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకి, సీ తో మొదలైతే డీజిల్ ఇంజన్లకి. సీహెచ్-4 1998 నాటిది, సీఐ-4 2002 నాటిది, సీకే-4 2016 చివర్లో వచ్చింది. బూడిదకు 1 శాతం హద్దు పెట్టింది సీజే-4 తో. సీకే-4 కి కూడా అదే హద్దు. సీఐ-4, సీఐ-4 ప్లస్ ఆయిల్స్‌కి ఆ హద్దు లేదు. అంటే డీపీఎఫ్ ఉన్న బండికి సీఐ-4 ప్లస్ ఎంత మంచి కంపెనీదైనా పనికిరాదు. కొన్ని బీఎస్6 బళ్ల హ్యాండ్‌బుక్‌లో ఏసీఈఏ (యూరప్ బండి కంపెనీల సంఘం) సీ2 లేదా సీ3 అని రాసి ఉంటుంది. వాటిలో బూడిద హద్దు ఇంకా తక్కువ, 0.8 శాతం. మీ బండి పుస్తకంలో సీ3 అని ఉంటే సీకే-4 పోసి సరిపెట్టుకోవద్దు.

రెండో రాత చిక్కదనం: 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 లాంటివి. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్ట్ అయ్యేటప్పటి సంగతి, వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక సంగతి. 100 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-40 కీ 15డబ్ల్యూ-40 కీ ఒకటే కొలత. మన జిల్లాల చలికి 15డబ్ల్యూ కూడా ఎక్కువే. 5డబ్ల్యూ వల్ల లాభం తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ టర్బో దాకా తొందరగా ఎక్కడం. ఇక ఎండ మాటకొస్తే, బయట 42 డిగ్రీలున్నా 30 ఉన్నా థర్మోస్టాట్, రేడియేటర్ బాగున్నంతకాలం ఇంజన్ లోపలి వేడి పెద్దగా మారదు. ఎండ పేరు చెప్పి 20డబ్ల్యూ-50 కి వెళ్లాల్సిన పనిలేదు. 30 నంబర్ ఆయిల్ పల్చన, లోడుకి నిలవదు అని భయపడేవాళ్లూ ఉన్నారు. 150 డిగ్రీల దగ్గర, బేరింగ్ సందుల్లో నలిగేటప్పుడు ఎంత చిక్కదనం మిగలాలో కూడా ప్రమాణాలున్నాయి. సీ3 రకం 30 నంబర్ ఆయిల్‌కి కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకన్లు, 15డబ్ల్యూ-40 కి కనీసం 3.7. తేడా అంతే. 5డబ్ల్యూ-30 కోసం తయారైన ఇంజన్‌లో సందులు దానికి తగ్గట్టే ఉంటాయి. చిక్కటిది పోస్తే ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. అలాగే 15డబ్ల్యూ-40 మీద నడుస్తున్న పాత బీఎస్3, బీఎస్4 బండిలో పల్చటిది పోయడమూ తగదు.

ఇంట్లో ఒక బీఎస్4, ఒక బీఎస్6 ఉన్నవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. సీకే-4 ఆయిల్ పాత ఇంజన్లకీ చెల్లుతుంది. బీఎస్6 బండి పుస్తకం 15డబ్ల్యూ-40 సీకే-4 ఒప్పుకుంటే రెండిటికీ అదే కొనుక్కోవచ్చు, ఒకదాని బదులు ఇంకోటి పోసే పొరపాటుకి తావుండదు. ట్రాక్టర్ కోసం తెచ్చిన డబ్బాలో మిగిలింది, బైక్ ఆయిల్, డ్రమ్ములోంచి లూజుగా కొలిచిచ్చేది మాత్రం ఏ పికప్‌కీ వద్దు.

నకిలీ డబ్బాల బెడద సీజన్‌లో ఎక్కువ. మూత కింద రింగు తెగి ఉందా, మూత లోపలి రేకు సీల్ సరిగ్గా అతికి ఉందా, డబ్బా మీదా మూత మీదా బ్యాచ్ నంబర్లున్నాయా చూడండి. బంకులో కొన్నా, కొట్టులో కొన్నా బిల్లు తీసుకోండి. పోశాక ఖాళీ డబ్బాని షెడ్డులో వదలొద్దు. అడుగున మేకుతో కన్నం పెట్టి పారేయండి. మళ్లీ నింపి అమ్మేవాళ్లకి కావాల్సింది మంచి డబ్బాయే.

మార్చే రోజు

ఇంజన్ ఐదు పది నిమిషాలు నడిపి, సమతలంలో బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు పెట్టండి. గోరువెచ్చగా ఉన్న ఆయిల్ మసినీ వెంట తీసుకుని దిగుతుంది. మరీ సలసలా ఉన్నప్పుడు బోల్ట్ విప్పితే చెయ్యి కాలుతుంది. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద బోల్ట్ తీశాక పావుగంటైనా కారనివ్వండి. బోల్ట్‌కున్న రాగి లేదా అల్యూమినియం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. పాత వాషర్ నొక్కుకుపోయి ఉంటుంది, చుక్క చుక్క కారుతుంది, ఆపాలని బోల్ట్ ఇంకా బిగిస్తే ఛాంబర్ మర పోతుంది. అప్పుడు వాషర్ పోయి ఛాంబరే మార్చాల్సొస్తుంది.

ఫిల్టర్ ఆయిల్‌తో పాటే మారాలి. ఒకసారి ఆయిల్, ఇంకోసారి ఫిల్టర్ అనే లెక్క దండగ. పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్ల ఆయిల్ కొత్తదాంట్లో కలిసిపోతుంది. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే హైవే ఎక్కాక రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, రింగు ఆనేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చాలు. పానా వద్దు.

పుస్తకంలో చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి ఆయిల్ లైట్ ఆరిందాకా రేస్ ఇవ్వకుండా ఉంచండి. ఆపి పది నిమిషాలాగి గేజి (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) చూసి మిగిలింది కొద్దికొద్దిగా పోయండి. మ్యాక్స్ గీత దాటనివ్వొద్దు. ఎక్కువైతే క్రాంక్ ఆయిల్‌లో మునిగి నురగ రేపుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది, బ్రీదర్ గుండా ఇంజన్ లోపలికే పోయి కాలుతుంది. పనిలో పనిగా గేర్‌బాక్స్, క్రౌన్ (వెనక ఇరుసు మధ్య గేర్ల డబ్బా) ఆయిల్ లెవెల్ కూడా చూపించండి. అవి వేరే రకాలు, ఇంజన్ ఆయిల్‌తో టాప్ చేయకూడదు.

సీజన్ నడుస్తుండగా

రోజూ ఉదయం స్టార్ట్ చేయకముందు గేజి తీయండి. తగ్గితే అందరికీ తెలుస్తుంది, పెరిగితే చాలామంది పట్టించుకోరు. బీఎస్6 బండిలో లెవెల్ పెరగడమే పెద్ద హెచ్చరిక. రీజెన్ కోసం ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా ఛాంబర్‌లోకి దిగుతుంది. తోట నుంచి ఊరి మార్కెట్‌కి పది పన్నెండు కిలోమీటర్ల ట్రిప్పులే కొడుతూ, మధ్యలో రీజెన్ తెగుతుంటే డీజిల్ దిగుతూనే ఉంటుంది, ఆయిల్ పల్చబడుతుంది. లెవెల్ మ్యాక్స్ దాటి డీజిల్ వాసన కొడితే కొంచెం తీసేసి సర్దుకోవద్దు, మొత్తం మార్చేయండి. డీపీఎఫ్ లైట్ వెలిగితే నిర్లక్ష్యం చేయకుండా హైవే ఎక్కి ఒకే వేగంతో 15-20 నిమిషాలు ఆపకుండా నడపండి. క్రేట్లు ఎక్కించేంతసేపూ ఇంజన్ ఆన్‌లో ఉంచే అలవాటు ముందు మానాలి. గంట ఐడిలింగ్ అంటే ఆయిల్‌కి 40-50 కిలోమీటర్ల అరుగుదల కింద లెక్క, మీటర్‌లో అది కనిపించదు. అందుకే లోడు, దుమ్ము, ఐడిలింగ్ ఉన్న బండికి పుస్తకంలో కఠిన వాడకం కింద ఇచ్చిన తక్కువ గడువే పాటించాలి. అది వేరుగా ఇవ్వకపోతే మామూలు గడువులో సగానికి మార్చడం మేలు.

ఆయిల్ నల్లబడిందని భయపడక్కర్లేదు. మసిని తనలో పట్టి ఉంచడమే దాని పని కాబట్టి డీజిల్ ఇంజన్‌లో కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. రంగు బదులు ఈ పరీక్ష చేయండి: ఇంజన్ వేడిగా ఉండగా గేజి నుంచి ఒక చుక్క ఫిల్టర్ కాగితం మీద వేసి, కొన్ని గంటలు నీడలో కదపకుండా ఉంచండి. మరక మధ్య నుంచి అంచు దాకా బూడిద రంగులో క్రమంగా విస్తరిస్తే ఆయిల్ ఇంకా పనిచేస్తోంది. మసంతా మధ్యలోనే దట్టంగా గడ్డకట్టి, అంచు గీత గీసినట్టు తెగిపోతే దాని శక్తి అయిపోయింది. మరక చుట్టూ పసుపు పచ్చని తడి వలయం దూరం దాకా పాకి వాసన కొడితే డీజిల్ కలిసింది.

గేజి మీద ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే బండి స్టార్ట్ చేయొద్దు. ఒకసారి హీటెక్కిన బండిలో హెడ్ గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ పోయి నీళ్లు కలుస్తుంటాయి. అనుమానంగా ఉంటే వేడి రేకు మీద ఒక చుక్క వేయండి, చిటపటమంటే నీళ్లున్నట్టే. మూత లోపల మాత్రమే కొద్దిగా మీగడ కట్టి గేజి శుభ్రంగా ఉంటే అది ఆవిరి, దూరం ట్రిప్పుతో పోతుంది.

తోటల దుమ్ము సంగతి వేరు. ఎయిర్ ఫిల్టర్ డొక్కు మూత సరిగ్గా పడకపోయినా, పైపు క్లిప్ వదులైనా ఇసుక నేరుగా రింగుల దగ్గరికి పోతుంది. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ ఇసుక ముందు నిలవదు. బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టి బోరుకొస్తుంది, అంటే సిలిండర్లు అరిగి ఇంజన్ విప్పి బాగుచేయించాల్సొస్తుంది. వారానికోసారి విప్పి లోపల్నుంచి బయటికి తక్కువ ఒత్తిడితో గాలి కొట్టించండి, చిరిగితే మార్చండి.

ఘాట్ ఎక్కాక టీ కోసం ఆపితే వెంటనే కీ తిప్పేయకండి. టర్బో ఎర్రగా కాగి ఉంటుంది, ఇంజన్ ఆపితే దానికి ఆయిల్ ఆగిపోయి బేరింగ్ దగ్గర మాడి పెచ్చు కడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో వదలండి. ఐడిలింగ్ మంచిదయ్యేది ఈ ఒక్కచోటే. ఎక్కుడులో ఆయిల్ ప్రెషర్ లైట్ వెలిగితే మాత్రం ఈ నియమం వర్తించదు. ఓరగా తీసి అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి.

బండిలో అదే రకం ఆయిల్ లీటరు డబ్బా ఒకటి సీటు కింద ఉంచుకోండి. సాలూరు దాటాక మీ గ్రేడ్ దొరకదు, లెవెల్ మినిమమ్ కిందికి పోయింది అనుకోండి: అప్పుడు ఏ కంపెనీదైనా సీకే-4 అర లీటరు పోసుకుని ఇల్లు చేరొచ్చు, ఆయిల్ లేకుండా నడపడం కంటే అది నయం. తిరిగొచ్చిన వారంలో మొత్తం మార్పించండి.