పాత గాజుగోళీలను గుర్తుపట్టడం, నలుగురితో కలిసి సేకరించడం

పాత గోళీలను సేకరించేవారు మొదట్లో రంగును చూసి మురిసిపోతారు. కొంత అనుభవం వచ్చాక గోళీని చేతిలో తిప్పి దాని రెండు కొసలను వెతుకుతారు. గోళీ ఏ కాలానిదో, చేత్తో చేసినదో యంత్రం మీద తయారైనదో చెప్పే ఆనవాళ్లలో ముఖ్యమైనవి ఆ కొసల దగ్గరే ఉంటాయి. ఒక కర్మాగారం రంగును మరొకటి సులభంగా అనుకరించగలదు గాని, కరిగిన గాజును కోసిన తీరు, తిప్పిన తీరు వదిలే గుర్తులను మార్చడం అంత తేలిక కాదు. ఈ చూపు పుస్తకాల్లోని బొమ్మలతో కొంతవరకే అబ్బుతుంది. మిగతాది తెలిసినవారి బల్ల దగ్గర కూర్చుని, వారి గోళీలను చేత్తో పట్టుకుని చూసినప్పుడే వస్తుంది. అందుకే ఈ వ్యాపకంలో నలుగురితో కలవడం సరదా కోసం మాత్రమే కాదు, నేర్చుకోవడానికి అదే దారి.

అమెరికాలో ఉంటూ, ఏ గరాజ్ సేల్‌లోనో ఎస్టేట్ సేల్‌లోనో ఒక సీసాడు గోళీలు కొని తెచ్చుకుని, వీటిలో ఏది ఏమిటో తేల్చుకోలేక ఆలోచిస్తున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఒహాయో, వెస్ట్ వర్జీనియా, ఇల్లినాయ్ రాష్ట్రాలలో ఉన్నవారికి ఇది మరింత ఉపయోగపడుతుంది, ఎందుకంటే అమెరికా గోళీల పరిశ్రమకు ఆయువుపట్టు ఆ ప్రాంతమే.

కావలసిన సామగ్రి ఎక్కువేమీ లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, మంచి టార్చి, వ్యాసం కొలవడానికి కాలిపర్, అంచులున్న పళ్లెంలో పరచిన మెత్తని గుడ్డ ఉంటే చాలు. అతినీలలోహిత కాంతినిచ్చే టార్చి కూడా పనికివస్తుంది గాని, దాని మాటను పూర్తిగా నమ్మకూడదు: యురేనియం కలిసిన గాజు ఆ కాంతిలో ఆకుపచ్చగా వెలుగుతుందన్నది నిజమే అయినా, అలాంటి గాజును ఇప్పుడు కూడా తయారుచేస్తున్నారు కాబట్టి వెలగడం ఒక్కటే పాతదనానికి రుజువు కాదు. మురికి పట్టిన గోళీలను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. వేడి నీళ్లు పోస్తే లోపల ఒత్తిడి దాగి ఉన్న పాత గాజు చిట్లిపోవచ్చు. పారదర్శకమైన పెద్ద గోళీలను ఎండ పడే కిటికీలో ఉంచకూడదు. అవి భూతద్దాల్లా ఎండను ఒకచోట కేంద్రీకరించి కింది గుడ్డను మాడ్చగలవు.

ఇక గుర్తుపట్టడం సంగతి. గోళీని టార్చి వెలుగులో నెమ్మదిగా తిప్పుతూ, ఏదైనా ఒక చోట గరుకుగా, విరిగినట్టుగా ఉన్న చిన్న మచ్చ తగులుతుందేమో చూడాలి. దానిని పాంటిల్ గుర్తు అంటారు. అది గోళీకి బొడ్డు వంటిది. గాజుకడ్డీ నుంచి గోళీని వేరుచేసిన చోట మిగిలిన మచ్చ అది. రెండు కొసలలోనూ అలాంటి గుర్తు ఉండి, లోపల రంగుల గాజు దారాలు మెలికలు తిరుగుతూ ఒక కొస నుంచి మరో కొసకు సాగుతూ ఉంటే, అది చాలావరకు జర్మనీలో చేత్తో చేసిన స్వర్ల్ అయి ఉంటుంది. జర్మనీలో థురింగియా ప్రాంతానికి చెందిన లౌషా అనే గాజు పనివారి ఊరిలో 1840ల చివర గోళీలను కోసే ప్రత్యేకమైన కత్తెర రూపుదిద్దుకుంది. రంగుల కడ్డీలను పొదిగిన గాజును పొడవుగా లాగి మెలితిప్పి, కడ్డీ కొసను ఆ కత్తెరకు ఉన్న గుంటలో తిప్పుతూ గుండ్రంగా చేసి కోసేవారు. మొదటి ప్రపంచ యుద్ధం 1914లో మొదలైనప్పుడు అమెరికాకు వచ్చే జర్మన్ సరుకు ఆగిపోవడంతో, ఆ ఖాళీని అమెరికా యంత్రాలు నింపాయి.

జర్మన్ స్వర్ల్‌లను వాటి నడిబొడ్డున ఉన్న అల్లికను బట్టి విడదీస్తారు. నడుమ తెల్లని లేదా పసుపు పచ్చని దారాలు వలలా అల్లుకుని ఉంటే లాటిచీనో కోర్ అనీ, వెడల్పైన పట్టీ ఉంటే రిబ్బన్ కోర్ అనీ, రంగుల పట్టీలు మధ్యలో ఖాళీ వదిలి విడివిడిగా ఉంటే డివైడెడ్ కోర్ అనీ, నడుమ రంగుల దారాలు ఖాళీ లేకుండా నిండి ఉంటే సాలిడ్ కోర్ అనీ పిలుస్తారు. లాటిచీనో కోర్ ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి కొత్తవారు మొదట దానినే కొనడం మంచిది. లుట్జ్ అనే రకంలో మెరిసే బంగారు రంగు రేణువులు కనిపిస్తాయి. అవి బంగారం కావు, గాజులో ఏర్పడిన రాగి స్ఫటికాలు. బోస్టన్ దగ్గర పనిచేసిన నికొలస్ లుట్జ్ అనే గాజు కళాకారుడి పేరు వీటికి అతుక్కుపోయింది గాని, ఇవి కూడా జర్మనీ నుంచి వచ్చినవే. సల్ఫైడ్ అనే మరో రకం లోపల తెల్లమట్టితో చేసిన చిన్న జంతువు బొమ్మ ఉంటుంది, దాని చుట్టూ పట్టుకున్న పలుచని గాలి పొర వల్ల బొమ్మ వెండిలా మెరుస్తుంది. గొర్రె, కుక్క, పక్షి వంటివి తరచుగా కనిపిస్తాయి. మనిషి బొమ్మ ఉన్నవి, లోపలి బొమ్మకు రంగు వేసినవి అరుదు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

గాజు కానివాటి గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. రంగు పూసిన మట్టిగోళీలు సంఖ్యలో ఎక్కువ, విలువలో తక్కువ. గోధుమ, నీలం రంగుల మెరుగు పూసిన మట్టిగోళీలను బెన్నింగ్టన్లు అంటారు. కొలిమిలో ఒకదానికొకటి తగిలిన చోట వాటిపై చిన్న గుండ్రని మచ్చలు మిగులుతాయి. పింగాణీ గోళీల మీద చేత్తో గీసిన గీతలు, పూలు ఉంటాయి. జర్మనీలోని ఇదార్-ఒబర్‌స్టైన్ ప్రాంతంలో అగేటు రాయిని చేత్తో సానపట్టిన గోళీని కాంతికి వంచి చూస్తే, ఉపరితలం మీద సన్నని చదును ముఖాలు ఒక్క క్షణం మెరుస్తాయి; యంత్రంతో సానపట్టిన కొత్త రాతిగోళీ మీద అవి కనిపించవు.

యంత్రం కథ ఒహాయోలోని ఆక్రన్‌లో మొదలవుతుంది. మార్టిన్ ఫ్రెడరిక్ క్రిస్టెన్సెన్ గుండ్రని బంతులు తయారుచేసే యంత్రానికి 1905లో పేటెంటు పొందాడు. అయితే ఆయన కర్మాగారంలో యంత్రం గోళీని గుండ్రంగా దొర్లించేది గాని, కరిగిన గాజును కొలిమి నుంచి తీసి, ధారగా వదిలి, కత్తెరతో కోసే పని మాత్రం మనిషే చేసేవాడు. ఆ కారణంగా ఆ గోళీలకు ఒక కొసన తొమ్మిది అంకెలా తెల్లని సుడి, రెండవ కొసన కోసిన గుర్తు కనిపిస్తాయి. రంగు గాజులో తెలుపు కలిసిన ఈ రకాన్ని స్లాగ్ అంటారు. ఆ సుడిని వెంటనే గుర్తుపట్టగలిగితే సగం విద్య వచ్చినట్టే. నా దృష్టిలో కొత్తవారు మొదట నేర్చుకోవలసినది ఇదే. ఆ కర్మాగారం 1917లో మూతపడింది.

ఆక్రో అగేట్ కంపెనీ కూడా ఆక్రన్‌లోనే పుట్టి, 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కు తరలి, 1951 వరకు నడిచింది. దాని ప్రత్యేకత కార్క్‌స్క్రూ: కొలిమి నుంచి జారే గాజు తిరుగుతూ పడడం వల్ల, రంగు పట్టీలు ఒకదానినొకటి దాటకుండా ఒక కొస నుంచి మరో కొసకు మరచుట్టులా తిరుగుతాయి. ఆ చుట్టు స్పష్టంగా ఉంటే ఆక్రో పేరు చెప్పడానికి వెనకాడనక్కర్లేదు. ఇల్లినాయ్‌లోని ఒటావాలో ఉన్న పెల్టియర్ గ్లాస్ కంపెనీ గోళీలకు ఇరువైపులా అతుకులు ఉండి, వాటి నుంచి పట్టీలు సాగుతాయి. ఆ కాలపు వార్తాపత్రికల్లోని 12 కార్టూన్ పాత్రల బొమ్మలను నల్లని రంగుతో ముద్రించిన గోళీలు కూడా ఈ కంపెనీవే. ఒహాయోలోని కేంబ్రిడ్జిలో పనిచేసిన క్రిస్టెన్సెన్ అగేట్ కంపెనీకి ఆక్రన్ క్రిస్టెన్సెన్‌తో పేరులో తప్ప సంబంధం లేదు. గాజు మీద రంగు చుక్కలు చల్లినట్టుండే గినీ, మంటల్లా లేచే రంగులున్న ఫ్లేమ్ వంటి దాని గోళీల కోసం సేకర్తలు పోటీపడతారు. వీటి తరువాత 1932లో మొదలైన వీట్రో అగేట్, 1949లో మొదలైన మార్బుల్ కింగ్ వస్తాయి. మార్బుల్ కింగ్ వారి పసుపు, నలుపు గోళీకి బంబుల్‌బీ అని పేరు. సేకరణ మొదలుపెట్టేవారికి ఇది తేలికగా, తక్కువ ధరకు దొరుకుతుంది.

తెలుగు పాఠకులు ఎక్కువగా అడిగేది పిల్లికన్ను గోళీల గురించి, సోడాగోళీ గురించి. పారదర్శకమైన గాజులో రంగు రేకలు నిలిచిన పిల్లికన్నులు 1950లలో జపాన్ నుంచి పెద్ద ఎత్తున అమెరికాకు వచ్చాయి, వాటికి పోటీగా అమెరికా కంపెనీలు తమవి తయారుచేశాయి. కాబట్టి సీసాలో పిల్లికన్నులే నిండి ఉంటే అది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి సరుకు అని నిశ్చయంగా అనుకోవచ్చు. సోడాగోళీ వేరు కథ. హైరం కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు పొందిన సీసాలో, సోడాలోని వాయువు ఒత్తిడికి గోళీ పైకి లేచి మెడలోని రబ్బరు వలయాన్ని మూసేస్తుంది. మన ఊళ్లలో గోళీ సోడా సీసాలు ఆ సంతతివే. ఆ గోళీలు ఏ అలంకారమూ లేని లేత ఆకుపచ్చ గాజువి. వాటిని చిన్ననాటి గుర్తుగా ఉంచుకోవచ్చు గాని, బజారులో వాటికి చెప్పుకోదగ్గ ధర రాదు.

స్థితి గురించి కచ్చితంగా ఉండాలి. దెబ్బలేమీ లేనిదానిని మింట్ అనీ, కొద్దిపాటి లోపాలున్నదానిని నియర్ మింట్ అనీ, ఆటలో నలిగినా నమూనా కనిపించేదానిని గుడ్ అనీ అంటారు. పైకి పగలకుండా లోపల మాత్రం నెలవంకలా చీలిన దెబ్బకు మూన్ అని పేరు. అది టార్చిని పక్కనుంచి వేస్తే గాని కనిపించదు. తయారీలోనే ఏర్పడిన ముడతను, గుంటను దెబ్బగా లెక్కించకూడదు. పరిమాణాన్ని అమెరికాలో అంగుళంలో భిన్నాలుగా చెబుతారు. ఆటగోళీ సాధారణంగా 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. రంగు, స్థితి ఒకటే అయితే పెద్దదానికే ఎక్కువ పలుకుతుంది.

మోసాలలో ఎక్కువగా ఎదురయ్యేది సానపట్టిన గోళీ. పాంటిల్ గుర్తు అరిగి నునుపైపోవడం, పైపొరలోని రంగు పట్టీలు మధ్యలో తెగినట్టు ఉండడం, మెరుపు అద్దంలా ఉండడం దీని లక్షణాలు. సానపట్టడం తప్పు కాదు, ఆ సంగతి చెప్పకుండా అమ్మడం తప్పు. కార్టూన్ గోళీలలో పాత గోళీల మీద కొత్తగా బొమ్మ ముద్రించినవి తిరుగుతున్నాయి కనుక, వాటిని మొదటి ఏడాది కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

సాటి సేకర్తలను కలవడానికి గోళీల ప్రదర్శనలు మంచి చోటు. 1975 నుంచి అమెరికా గోళీ సేకర్తల సంఘం ఉంది, అనేక రాష్ట్రాలలో వారాంతపు ప్రదర్శనలు జరుగుతాయి. బయటివారికి తెలియని విశేషం ఏమిటంటే, అసలు బేరాలు చాలావరకు ప్రదర్శనకు ముందు రాత్రులలో హోటల్ గదుల్లో జరుగుతాయి. సేకర్తలు తమ గది తలుపు తెరిచి ఉంచి, మంచం మీద, బల్ల మీద గోళీలు పరుస్తారు. తలుపు తెరిచి ఉంటే ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు. కొత్తవారు అక్కడ కొనకుండా ఒక సాయంత్రం చూస్తూ గడిపినా ఎవరూ తప్పుపట్టరు. ఏమీ తెలియనట్టు నటించేవారికన్నా, ఏమీ తెలియదని నేరుగా చెప్పేవారికే అక్కడ ఎక్కువ గోళీలు చేతికి అందుతాయి.

అక్కడ పాటించవలసిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. అడగకుండా గోళీని ఎత్తకూడదు, ఎత్తినప్పుడు పళ్లెం మీదుగానే పట్టుకోవాలి, ఉంగరం తగలకుండా చూసుకోవాలి, తీసిన గుంటలోనే తిరిగి పెట్టాలి. మరొకరు బేరమాడుతున్న గోళీ గురించి అభిప్రాయం చెప్పకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

ఇంటి దగ్గర కూడా నలుగురు స్నేహితులతో కూర్చోవచ్చు. ఒక గోళీని చుట్టూ తిప్పి, పేరు చెప్పకుండా ఒక్కొక్కరూ తాము చూసిన ఆనవాలు మాత్రమే చెప్పాలని నియమం పెట్టుకోండి: ఒకరు అతుకు అంటారు, మరొకరు సుడి అంటారు, ఇంకొకరు గాజు రంగు అంటారు. ఆనవాళ్లన్నీ బయటికి వచ్చిన తరువాత పేరు గురించి వాదించుకోవచ్చు. పేరు ముందే పలికితే, తరువాత చూసేవారికి అదే కనిపిస్తుంది. దూరంగా ఉన్నవారిని అడగాలంటే రెండు కొసలను, రెండు పక్కలను వేర్వేరుగా ఫొటో తీసి, కొలతను రాసి పంపాలి. ఒకే కోణం నుంచి తీసిన ఫొటోను చూసి నిజాయతీ ఉన్న సేకర్త ఎవరూ తీర్పు చెప్పరు.

ఈ సమావేశాలకు పనికివచ్చేలా ఒక నమూనాల పెట్టెను సమకూర్చుకోవడం మంచిది. అందులో అందమైనవి ఉండనక్కర్లేదు, పగిలినవే మేలు: పగిలిన జర్మన్ స్వర్ల్, దెబ్బతిన్న స్లాగ్, ఒక కార్క్‌స్క్రూ, ఒక పెల్టియర్, ఒక బంబుల్‌బీ, ఒక పిల్లికన్ను, సానపట్టిన గోళీ ఒకటి. ఇవన్నీ తక్కువ ధరకు దొరుకుతాయి, పైగా పగిలిన ముఖంలో లోపలి అల్లిక తేటగా కనిపిస్తుంది. ప్రతి గోళీ పక్కన అరలో చిన్న చీటీ పెట్టి, కొలత, ఎక్కడ కొన్నది, ఎవరు ఏ ఆనవాలును బట్టి గుర్తించారు అన్నది పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ అని ఎందుకంటున్నానంటే, తరువాతి ప్రదర్శనలో మరొకరు ఆ గోళీని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాక చీటీ మార్చవలసి రావడం ఈ వ్యాపకంలో మామూలే.