మాటల కూపీ – 6వ పాఠం: ‘టాడ్రీ’

గత పాఠంలో ‘ఏప్రన్’ చూశాం. ‘ఎ నేప్రన్’ను జనం ‘ఆన్ ఏప్రన్’ అని విరిచేసరికి ఆ మాట తన మొదటి నకారాన్ని పోగొట్టుకుంది. ఈసారి వ్యవహారం తలకిందులు. పక్కమాటలోని అక్షరాన్ని లాక్కున్న మాట ఇది.

చవకబారు తళుకులతో కళ్లకు కొట్టేదాన్ని ఇంగ్లిష్‌లో టాడ్రీ అంటారు. ‘పైన పటారం, లోన లొటారం’ గుర్తొస్తుంది గానీ సరిగ్గా అతకదు. ఇక్కడ ఆ పటారమే నాసిరకం!

కూపీ లాగేటప్పుడు పాత వాక్యాల్లో ఆ మాట పక్కన ఏముందో ముందు చూడండి. నన్నడిగితే సగం పని అక్కడే తెమిలిపోతుంది. 16వ శతాబ్దంలో ‘టాడ్రీ లేస్’ అనేవారు. అది ఆడవాళ్లు మెడకు కట్టుకునే పట్టు పట్టీ. పూర్తిపేరు ‘సెయింట్ ఆడ్రీస్ లేస్’. గబగబా పైకి అనండి: సెయింట్ ఆడ్రీ, సెయిన్‌టాడ్రీ, టాడ్రీ. కలిపి పలికినదాన్ని మళ్లీ విడదీయడంలో టకారం అటు జరిగిపోయింది. పదచ్ఛేదం తప్పిందన్నమాట.

ఈ ఆడ్రీ అసలు పేరు ఎథెల్‌డ్రెడా, తూర్పు ఇంగ్లండ్ రాచబిడ్డ. 673లో ఈలీ అనే చోట మఠం పెట్టింది. మెడ మీద గడ్డ లేచి, 679లో కన్నుమూసింది. పడుచుతనంలో అక్కర్లేని హారాల బరువు మోసినందుకే ఈ బాధ అని ఆమె అనుకుందట. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్రలో ఉందీ సంగతి. అలాంటామె పేరు మీదే ఈలీ తిరునాళ్లలో మెడపట్టీలు అమ్మారు!

మరి చెడ్డ అర్థం ఎప్పుడొచ్చింది? 1611లో ఆడిన షేక్‌స్పియర్ నాటకం ‘ది వింటర్స్ టేల్’లో మోప్సా అనే పల్లెపడుచు, టాడ్రీ లేస్ కొనిస్తానన్నావుగా అని ప్రియుణ్ణి నిలదీస్తుంది. ఆ పిల్లకది ముచ్చటైన వస్తువే. చూస్తున్న పట్నంవాళ్లు నవ్వుకున్నారేమో, అది వేరే సంగతి. అందుకే ఒక వాక్యం దొరికితే అందులో ఎవరు ఎవరితో అంటున్నారో కూడా రాసిపెట్టుకోండి. ఆ శతాబ్దం ముగిసేలోపే లేస్ ఊడిపోయి, టాడ్రీ ఒక్కటే ఎత్తిపొడుపుగా మిగిలింది.

అభ్యాసం: లండన్‌లో సెయింట్ ఓలేవ్ చర్చి ఉండిన వీధిని టూలీ స్ట్రీట్ అంటారు. ఇదే పద్ధతిలో విప్పండి. కాగితం మీద కాదు, పైకి పలుకుతూ. వకారం ఎక్కడ జారిపోయిందో కూడా పట్టుకోవాలి. జవాబు 7వ పాఠంలో.