యునిక్స్ సిస్టమ్‌కి నెట్‌వర్క్ ప్రింటర్ కలపడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయికి డీటీపీ షాపుంది. అక్కడున్నది ఉబుంటు సిస్టమ్, అంటే యునిక్స్ కోవకి చెందిన లినక్స్‌లో ఒక రకం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా "ఒరేయ్, ప్రింటర్ మళ్లీ కనపడట్లేదురా" అని ఫోను. ప్రింటర్ ఎక్కడికీ పోలేదు. రూటర్ దానికి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు) ఇచ్చింది, సిస్టమేమో పాత అడ్రస్‌కే పంపుతోంది. అందుకే ముందు అడ్రస్ సంగతి తేల్చుకోండి.

1. ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ రిపోర్ట్ కాగితం తీయండి. ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ (ప్రింటర్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు) రెండూ అందులోనే ఉంటాయి. రూటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చే ఏర్పాటు) దగ్గర ఆ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ, ఉదాహరణకు 192.168.1.50, ఖాయం చేసి ప్రింటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. తర్వాత సిస్టమ్ టెర్మినల్‌లో ping 192.168.1.50 అని కొట్టి, ప్రింటర్ జవాబిస్తోందేమో చూడండి. జవాబు రాకపోతే ముందుకెళ్లి లాభం లేదు.

2. లినక్స్, మ్యాక్‌ఓఎస్‌లలో సాధారణంగా ప్రింటింగ్ పని చూసేది కప్స్ (CUPS) అనే సాఫ్ట్‌వేర్; ఫ్రీబీఎస్‌డీ అనే మరో యునిక్స్ రకంలో అయితే దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. లినక్స్‌లో అయితే బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 631 (localhost:631) కొట్టండి, కప్స్ పేజీ వస్తుంది. అడ్మినిస్ట్రేషన్‌లో యాడ్ ప్రింటర్ నొక్కండి. అడిగేది మీ సిస్టమ్ పాస్‌వర్డే, ప్రింటర్‌ది కాదు. సరైనదే కొట్టినా ఒప్పుకోకపోతే, ఉబుంటులో మీ యూజర్ ప్రింటర్ సెట్టింగ్స్ మార్చే అనుమతి ఉన్న ఎల్‌పీఅడ్మిన్ (lpadmin) గ్రూపులో లేకపోవచ్చు.

3. జాబితాలో ప్రింటర్ కనపడితే ఎంచుకోండి. లేదంటే ఐపీపీ (నెట్‌వర్క్ ప్రింటింగ్ పద్ధతి) ఎంచుకుని ప్రింటర్ అడ్రస్ కొట్టండి. ఎయిర్‌ప్రింట్ (ఆపిల్ ఫోన్ల నుంచి నేరుగా ప్రింట్ తీసే సౌకర్యం) ఉన్న ప్రింటరైతే సాధారణంగా మోడల్ దగ్గర 'ఐపీపీ ఎవ్రీవేర్' చాలు, వేరే డ్రైవర్ అక్కర్లేదు. పాతదైతే ఐపీపీ బదులు జెట్‌డైరెక్ట్ అనే పాత పద్ధతి, పోర్టు 9100 ఎంచుకోండి. దానికి డ్రైవర్ కూడా వెతుక్కోవాలి, అదో తలనొప్పి. ప్రింటర్‌కి పెట్టే పేరులో ఖాళీలు వదలకండి.

4. కాగితం సైజు లెటర్ అని ఉంటే ఏ4కి మార్చి, టెస్ట్ పేజీ తీయండి.

5. ఒకసారి ప్రింటర్ అందకపోతే కప్స్ ఆ ప్రింటర్ క్యూని (ప్రింట్ల వరుసని) ఆపేసి అలాగే ఉంచేయవచ్చు. డీఫాల్ట్ ఆప్షన్స్‌లోని పాలసీస్‌లో ఎర్రర్ పాలసీని 'రీట్రై జాబ్' అని పెడితే దానంతటదే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇప్పటికే ఆగి ఉంటే రెజ్యూమ్ ప్రింటర్ నొక్కాలి. నొక్కేముందు జాబ్స్‌లో చూసి అక్కర్లేనివి క్యాన్సిల్ చేయండి. మా బాబాయి కంగారులో ఒకే హాల్‌టికెట్‌కి ఏడుసార్లు ప్రింట్ కొట్టాడు, నేను రెజ్యూమ్ నొక్కగానే ఏడూ వరసగా వచ్చాయి.