జిడ్డెక్కే మాడు, రాలే చుండ్రు: అదుపులో పెట్టుకునే పద్ధతి

తల దువ్వుకోగానే భుజాల మీద తెల్లటి పొట్టు రాలడం చూసి, మాడు ఎండిపోయిందనుకుని ఇంకాస్త నూనె పట్టించేవారు చాలామంది ఉంటారు. కొన్నేళ్లపాటు నేనూ అదే పని చేశాను. చుండ్రు చాలావరకు పొడిదనం వల్ల కాక జిడ్డు వల్ల వస్తుందని తెలిశాక గాని, పట్టించిన నూనె అంతా దానికే మేతగా మారిందన్న సంగతి నాకు అర్థం కాలేదు.

మాడు మీద వెంట్రుకల కుదుళ్లను ఆనుకుని తైలగ్రంథులు ఉంటాయి. వాటి నుంచి ఊరే సీబమ్ అనే జిడ్డే మలసీజియా అనే ఒక రకం ఈస్ట్‌కు, అంటే కంటికి కనబడని బూజు జాతి సూక్ష్మజీవికి, ఆహారం. 1874లో దీన్ని చర్మపు పొలుసుల్లో గమనించి వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మలాసే పేరు మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. ఇది దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది కాబట్టి చుండ్రును అంటువ్యాధిగా గాని, అశుభ్రతకు గుర్తుగా గాని చూడనక్కర్లేదు. ఈ ఈస్ట్ సీబమ్‌లోని కొవ్వును తన ఎంజైములతో విడగొట్టి, తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను వాడుకుని, ఒలీయిక్ ఆమ్లం వంటి మిగిలిన వాటిని మాడు మీదే వదిలేస్తుంది. కొందరి చర్మానికి అవి పడవు. అలాంటివారిలో మాడు దురద పెట్టి, మామూలుగా నెల రోజులకు అటూ ఇటూగా కొత్తబడే పైపొర అంతకన్నా త్వరగా తయారై, పూర్తిగా పక్వం కాని కణాలు ఒకదానికొకటి అతుక్కుని కంటికి కనిపించే పొట్టుగా రాలుతాయి. తైలగ్రంథులను ప్రధానంగా నడిపేవి యుక్తవయసులో పెరిగే ఆండ్రోజెన్ అనే హార్మోన్లు. చుండ్రు ఎక్కువగా యుక్తవయసులో మొదలుకావడానికి కారణం ఇదే.

ఏ సీసా కొనాలో ఆలోచించే ముందు, రాలుతున్నది చుండ్రేనా అని చూసుకోవడం మంచిది. పొట్టును చూపుడువేలు, బొటనవేలు మధ్య నలిపి చూడండి. కాస్త పసుపు ఛాయతో, మైనంలా వేలికి అంటుకుంటే అది జిడ్డుతో కూడిన చుండ్రు. తెల్లగా, చిన్నగా, పొడిపొడిగా రాలిపోతూ, చేతులూ కాళ్ల చర్మం కూడా అలాగే పగులుతుంటే అది ఉత్త పొడిదనం కావచ్చు. దానికి ఘాటైన షాంపూలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. వెంట్రుకను పట్టుకుని ఎంత జరిపినా జరగకుండా అంటుకునే ఉన్న చుక్కలు చుండ్రు కావు, ఈపులు. తలస్నానం చేసిన మర్నాడు పలుచని టిష్యూ కాగితాన్ని పాపిట మీద అద్ది చూస్తే, దాని మీద పడే నూనె మరకను బట్టి మీ మాడు ఎంత వేగంగా జిడ్డెక్కుతుందో కూడా తెలిసిపోతుంది.

తరచుగా తలస్నానం చేస్తే గ్రంథులు పంతం పట్టినట్టు ఇంకా ఎక్కువ జిడ్డు ఊరిస్తాయన్న మాట విని, రోజుల తరబడి తల కడగకుండా ఉండేవారు ఉన్నారు. గ్రంథులు హార్మోన్ల మాట వింటాయి గాని షాంపూ మాట వినవు. జిడ్డు త్వరగా పేరుకునేవారు రోజు విడిచి రోజు, అవసరమైతే రోజూ, మృదువైన షాంపూతో కడుక్కోవచ్చు. దట్టమైన ఉంగరాల జుట్టు, స్వతహాగా పొడిగా ఉండే జుట్టు ఉన్నవారికి మాత్రం వారానికి ఒకసారి సరిపోవచ్చు, ఎందుకంటే వారి వెంట్రుకలు త్వరగా పెళుసుబారి తెగిపోతాయి.

చుండ్రు షాంపూ కొనేటప్పుడు సీసా ముందువైపు రాసిన మాటలను వదిలేసి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. కీటోకొనజోల్ 1 లేదా 2 శాతం ఉన్నవి నేరుగా ఈస్ట్‌ను అణిచివేస్తాయి. జిడ్డు చుండ్రుకు ముందుగా ప్రయత్నించదగింది ఇదేనని నా అభిప్రాయం. సెలీనియం సల్ఫైడ్ ఈస్ట్‌ను తగ్గించడంతో పాటు కణాలు తయారయ్యే వేగాన్నీ తగ్గిస్తుంది. అయితే అది వెండి, బంగారు నగల రంగు మార్చగలదు కాబట్టి తీసి పక్కన పెట్టాలి, రంగు వేసిన జుట్టు విషయంలోనూ జాగ్రత్త అవసరం. జింక్ పైరిథియోన్ చాలాకాలంగా వాడుకలో ఉన్నదే అయినా, సౌందర్య సాధనాల్లో దాని వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2022లో నిషేధించింది. సాలిసిలిక్ ఆమ్లం గట్టిగా అతుక్కున్న పొలుసులను వదులు చేస్తుంది గాని ఈస్ట్ మీద పెద్దగా పనిచేయదు. కోల్‌టార్ (బొగ్గు నుంచి తీసే తారు) ఉన్నవి కణాల ఉత్పత్తిని నెమ్మదింపజేస్తాయి. వాటి వాసన భరించాలి, లేతరంగు జుట్టుకు మరక పడవచ్చు, మాడుకు ఎండ తగలకుండానూ చూసుకోవాలి.

మంచి మందు దొరికినా ఫలితం కనిపించలేదంటే, తప్పు ఎక్కువగా వాడే తీరులోనే ఉంటుంది. అరచేతిలో షాంపూ పోసుకుని నడినెత్తిన పులిమి, నురగ రాగానే కడిగేస్తే ఆ మందు మాడుకు చేరకముందే నీళ్లలో కలిసిపోతుంది. దానికి బదులు, ముందుగా మామూలు షాంపూతో ఒకసారి కడిగి జిడ్డును వదిలించండి. తర్వాత తడి జుట్టును వేళ్లతో పాయలుగా విడదీస్తూ, ప్రతి పాపిటలోనూ కనిపించే చర్మం మీదే మందు షాంపూను కొద్దికొద్దిగా రాయండి. చెవుల వెనక, నుదుటి అంచు, మెడ పైభాగం మరిచిపోకూడదు. చుండ్రు తిరిగి మొదలయ్యేది తరచుగా అక్కడే. గోళ్లతో గీరకుండా మునివేళ్లతో నిమిషంపాటు రుద్ది, ఆ నురగను 3 నుంచి 5 నిమిషాలు అలాగే ఉంచండి. ఒట్టిగా నిలబడితే ఆ 5 నిమిషాలు అరగంటలా అనిపిస్తాయి కాబట్టి, ఆలోపు ఒళ్లు రుద్దుకోవడం పూర్తిచేసుకోవచ్చు. ఆ తర్వాత వేళ్లకు జారుడుతనం తగలనంతవరకు నీళ్లతో కడగాలి. కండిషనర్ వాడేవారు దాన్ని జుట్టు చివర్లకే పరిమితం చేసి, మాడుకు తగలనివ్వకూడదు.

కీటోకొనజోల్ షాంపూను సాధారణంగా వారానికి 2 సార్లు చొప్పున 2 నుంచి 4 వారాలు వాడతారు. మధ్య రోజుల్లో మామూలు షాంపూ చాలు. పొట్టు కనిపించడం మానేయగానే మందును పూర్తిగా ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. ఈస్ట్ మళ్లీ పెరుగుతుంది, జిడ్డు ఎలాగూ ఊరుతూనే ఉంటుంది. అందువల్ల తగ్గాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి మందు షాంపూ వాడుతూ ఉండాలి. చుండ్రును శాశ్వతంగా పోగొడతామని చెప్పే ఏ సీసానైనా నేను అనుమానంగానే చూస్తాను. సరిగ్గా వాడినా నెలలో మార్పు లేకపోతే, అదే మందు మరో కంపెనీది కొనకుండా వేరే మందుకు మారాలి.

నూనె వదులుకోలేనివారు దాన్ని జుట్టు చివర్లకు మాత్రమే రాసి, చుండ్రు ఉన్నంతకాలం మాడును వదిలేయడం మేలు. నిమ్మరసం చర్మాన్ని మండించగలదు. వంటసోడా క్షారగుణం కలది కాబట్టి, సహజంగా కాస్త ఆమ్లగుణంతో ఉండే మాడు రక్షణపొరను దెబ్బతీస్తుంది. రెండింటినీ నెత్తి మీదికి తేకపోవడమే మంచిది. మానసిక ఒత్తిడి, చలికాలం చుండ్రును పెంచవచ్చు. ఒత్తిడి మాట చెప్పినంత తేలిక కాదు గాని, చుండ్రు ఉన్నట్టుండి ఎందుకు ఎక్కువైందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వద్ద కూడా ఎర్రబడి పొలుసులు వస్తుంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి కావచ్చు. వెండిలా మెరిసే మందపాటి పొలుసులు జుట్టు అంచు దాటి బయటికి వస్తే సోరియాసిస్ కావచ్చు. గుండ్రంగా జుట్టు ఊడి మచ్చలు పడితే, ముఖ్యంగా పిల్లల్లో, తామర కావచ్చు, దానికి మింగే మందులే అవసరమవుతాయి. రసి కారినా, నొప్పి పెట్టినా, రెండు రకాల షాంపూలు సరిగ్గా వాడాక కూడా తగ్గకపోయినా చర్మవైద్యులను కలవాలి. గర్భిణులు, చిన్నపిల్లల విషయంలోనైతే మందు షాంపూ మొదలుపెట్టే ముందే అడగాలి. వెళ్లేటప్పుడు వాడిన సీసాలను వెంట తీసుకెళ్లి, ఏది ఎన్ని వారాలు వాడారో చెప్పగలిగితే, వైద్యులు అదే మందును మళ్లీ రాసే అవసరం ఉండదు.