నిండు ట్యాంకుతో లేచి ఒరిగిపోయే స్ప్రే డ్రోన్: సమస్య - పరిష్కారం

ఖాళీగా బాగానే ఎగురుతుంది. మందునీళ్లు పోస్తే మనిషెత్తు లేచి, ఒక పక్కకు ఒరిగి మడిలో పడుతుంది. వెంటనే "మోటారు పోయింది" అని ఫోన్. ముందు ట్యాంకు మీద గీత చూడండి. పది లీటర్ల డ్రోన్‌కు మూత దాకా పోస్తే, గీత దాటిన ప్రతి లీటరూ ఒక కిలో అదనం. ఆర్మ్ లాకులు (మోటార్లుండే మడత చేతులను బిగించేవి) కూడా చేత్తో కదిపి చూడండి, కంటితో కాదు.

నేల విడవకుండానే బోల్తా
రెక్కలు మార్చినప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యాయి, లేదా కాలు బురదలో దిగబడింది. నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు తడి గట్ల మీద ఇది మామూలే. కింద ప్లైవుడ్ చెక్క వేయండి. పట్టా వద్దు, గాలికి లేచి రెక్కల్లో పడుతుంది.

గీత దాకే పోశారు, లాకులు గట్టిగానే ఉన్నాయి, అయినా పడుతోంది
బ్యాటరీ. ఛార్జర్ మీద నిండుగా చూపిస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ అనుమానించరు. 12 సెల్స్ సెట్ ఊరికే ఉన్నప్పుడు 50.4 వోల్టులు చూపిస్తుంది, ముసలిదైనా సరే. బరువు పడగానే వోల్టేజీ జారిపోతుంది. మోటార్లన్నీ పూర్తి వేగానికి చేరాక, ఒరిగిన వైపును ఎత్తడానికి, డ్రోన్‌ను నిలకడగా ఉంచే లోపలి కంట్రోలర్ దగ్గర ఇక జోరు మిగలదు. అందుకే చూసేవాళ్లకు ఒక మోటారు ఆగినట్టు అనిపిస్తుంది.

ఎండాకాలంలో వేసే ఎడగారు పంటకు ఇది ఇంకా ఎక్కువ. 15 డిగ్రీలతో పోలిస్తే 42 డిగ్రీల ఎండలో గాలి సుమారు 9 శాతం పలచన. అదే బరువు ఎత్తడానికి రెక్కలు ఎక్కువ తిరగాలి, బ్యాటరీ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. ఉదయం ఆరింటికి లేచిన లోడే పదకొండింటికి పడేస్తుంది.

పరీక్ష: మందు లేకుండా మంచినీళ్లు గీత దాకా పోసి, అందరినీ దూరం జరిపి, మీటరు ఎత్తులో నిలిపి రిమోట్‌లో వోల్టేజీ చూడండి. ఇంకో కొత్త సెట్‌తో పోల్చండి. ఛార్జర్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ (కరెంటుకు సెల్ లోపలే ఎదురయ్యే అడ్డు) కూడా చూడండి. ఒక సెల్ మిగతావాటికి రెట్టింపు చూపిస్తే ఆ ప్యాకు పని అయిపోయినట్టే.

సీజన్ అయ్యాక నిండు ఛార్జితో షెడ్డులో పడేయడమే చాలా ప్యాకులను చంపేది. సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర పెట్టి, నీడలో దాచండి.

కంపాస్, జీపీఎస్ తేడాలైతే ఖాళీగా ఎగిరినా గుండ్రంగా తిప్పుతాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు.

కొత్త సెట్ వచ్చేదాకా, సెల్స్ అన్నీ సమానంగా ఉన్న పాత ప్యాకుతో సగం ట్యాంకు, అదీ పొద్దున్నే కొట్టుకోవచ్చు. ఉబ్బినదాన్ని మాత్రం ఖాళీ డ్రోన్‌కు కూడా పెట్టొద్దు.