గుర్రానికి ఒళ్ళు నొప్పులు, కుంటు: చేత్తో ఏది పోతుంది, ఏది పోదు

గుర్రం వీపు పట్టేసిందంటే జబ్బు వీపులోనే ఉందనుకుంటాం. చాలాసార్లు ఆ వీపు తప్పేమీ ఉండదు. గిట్టలోనో, పంటిలోనో, జీనులోనో ఉన్న తేడాకు సర్దుకుంటూ సర్దుకుంటూ బిగుసుకుపోయి ఉంటుంది. మెత్తగా చేత్తో చేసే బాడీవర్క్ ఆ బిగువును వదులు చేస్తుంది, గుర్రానికి హాయిగా ఉంటుంది, నొప్పి ఎక్కడుందో మనకు తెలిసొస్తుంది. అసలు కారణాన్ని మాత్రం అది తీసేయలేదు. "వెన్నుపూస జారింది, లోపలికి తోసేశాను" అని ఎవరైనా అంటే నేను నమ్మను. అంత మందం కండరాల అడుగున ఉన్న ఎముకను చేత్తో నొక్కి కూర్చోబెట్టడం అయ్యే పని కాదు.

ముందు చూడాల్సింది: అసలు చెయ్యి వేయొచ్చా?

విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. ఉష్ణోగ్రత సుమారు 37.2 నుంచి 38.3 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఊరికే నిలబడ్డ గుర్రానికి నాడి 60 దాటి తగ్గట్లేదంటే మసాజ్ మాట మర్చిపోయి వెట్‌కి, అంటే పశువైద్యుడికి, ఫోన్ చేయండి. తర్వాత ఫెట్‌లాక్ కీలు (గిట్టకు పైన, కాలి కింది భాగంలో ఉబ్బెత్తుగా కనిపించే కీలు) వెనక, రెండు పక్కలా వేళ్ళు ఆనించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కాలిలో అక్కడ నాడి దొరకడమే కష్టం. వేలికి తగిలీ తగలగానే గట్టిగా కొట్టుకుంటూ, గిట్ట కూడా వేడిగా ఉంటే తేడా గిట్టలోనే ఉందని అనుమానించాలి.

నిన్నటిదాకా బాగానే ఉండి ఇవాళ కాలు కింద మోపనంటోందా? ఎక్కువసార్లు గిట్టలో చీము పట్టి ఉంటుంది. కానీ ఎముక విరిగినా పైకి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. కాబట్టి నడిపించి చూడకండి, వెట్ వచ్చేదాకా కదపకండి. చీమే అయితే దారి చేసి బయటకు పోనిచ్చాక ఉపశమనం త్వరగానే దొరుకుతుంది.

ముందు కాళ్ళు ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడి, తిరగమంటే తిరగలేకపోతోందా? లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొరల వాపు, కావచ్చు. ఇది అత్యవసరం. గింజ దాణా ఆపండి, కింద మెత్తగా మందంగా పరుపు వేయండి, వెట్ వచ్చేలోపు గిట్టల్ని ఐసు నీళ్ళలో ఉంచండి. ఇలాంటి గుర్రానికి భుజాలు, వీపు విపరీతంగా బిగుసుకుని ఉంటాయి. చూస్తే పిసకాలనిపిస్తుంది. ఆ బిగువుతోనే అది నొప్పి కాళ్ళ మీద బరువు పడకుండా నిలబడగలుగుతోంది. వెట్ సరేననే వరకు దాన్ని వదిలేయండి.

పని మధ్యలో ఆగిపోయి, చెమటలు కక్కుతూ, పిరుదుల కండరాలు గడ్డకట్టినట్టయితే అది టైయింగ్ అప్, అంటే కండరాలే దెబ్బతింటున్నాయి. మూత్రం కాఫీ రంగులో వస్తే కిడ్నీలకు ప్రమాదం. నడిపించకూడదు, మసాజ్ అసలే వద్దు.

కాలి వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడులాంటి భాగం) వెంట కొత్తగా వాపు, వేడి కనిపిస్తే రుద్దకండి. ఒక్కోసారి 20 నిమిషాల చొప్పున చన్నీళ్ళు లేదా ఐసు పట్టండి. గుర్రాన్ని విశ్రాంతిలో ఉంచి స్కాన్ చేయించండి.

ఇంకొకటి. గుర్రం బ్యూట్ లాంటి నొప్పి మందు మీద ఉంటే మీ చేతికి తెలిసేది సగమే. నొప్పి ఉన్న చోట కూడా మౌనంగా నిలబడుతుంది. మందు ఎప్పుడు పడిందో అడక్కుండా మొదలుపెట్టకండి.

చెయ్యి ఎలా వేయాలి

గుర్రాన్ని బిగించి కట్టేయకండి. తాడు వదులుగా పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి, అదీ మీరు నిలబడ్డ వైపే. లేకపోతే అది అదిరి పక్కకు తిరిగినప్పుడు మీ మీదకే వస్తుంది.

కొత్తవాళ్ళు దాదాపు అందరూ అవసరానికి మించి నొక్కుతారు. మూసిన కంటిరెప్ప మీద వేలు పెట్టుకుంటే ఎంత ఓర్చుకోగలమో అంత ఒత్తిడితో మొదలుపెట్టాలి. ఈగ వాలితే చర్మం అదిరించి తోలే జంతువు ఇది, ఆ మాత్రం దానికి స్పష్టంగా తెలుస్తుంది. మెడ పైనుంచి వెన్ను పక్కగా పిరుదుల దాకా వేళ్ళ కొనలు నెమ్మదిగా జార్చుకుంటూ పోండి. ఒకచోట గుర్రం కన్ను ఆర్పుతుంది, లేదా ఊపిరి బిగబడుతుంది. అక్కడే ఆగండి. నొక్కొద్దు, తియ్యొద్దు. అర నిమిషం పట్టొచ్చు, రెండు నిమిషాలు పట్టొచ్చు. కింది పెదవి వదులవుతుంది, తల కిందకు దిగుతుంది, నాకడం, నమలడం, ఒక్కోసారి పెద్ద ఆవులింతలు వస్తాయి. ఈ పనిలో ఎక్కువ భాగం ఇలా ఎదురుచూడటమే. నా ఉద్దేశంలో చేతి ఒడుపు కంటే ఓపికే కష్టం.

ఒక్క మాట: గుర్రం నాకి నమలగానే "వదిలేసింది!" అని సంబరపడిపోతుంటారు. టెన్షన్ తగ్గే సమయంలో అలా చేయడం నిజమే. ఆ టెన్షన్ అంతకుముందు మన నొక్కుడు వల్లే వచ్చిందేమో అని కూడా చూసుకోవాలి.

లక్షణం: బ్రష్ వేస్తే వీపు కుంగదీస్తుంది, జీను చూడగానే చెవులు వెనక్కి పెడుతుంది

మొదటి అనుమానం జీను మీదే. స్వారీ అయ్యాక జీను తీసి చెమట మరకలు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ జీను మరీ ఒత్తుతూ ఉండొచ్చు, లేదా అసలు ఆనకుండా ఉండొచ్చు. మూపు పక్కన తెల్ల వెంట్రుకలు కనిపిస్తే అది పాత ఒత్తిడి గుర్తు. చివరి పక్కటెముక ఎక్కడుందో తడిమి, దాన్ని పొట్ట పక్క నుంచి పైకి వెన్ను దాకా వెతుక్కుంటూ వెళ్ళండి. గుర్రానికి పక్కటెముకలు మోసే పూసలు సాధారణంగా 18 ఉంటాయి. బరువు ఆ చివరి పూస దాటి వెనక్కి పోకూడదు. దాని తర్వాత నడుము, అక్కడ ఆసరాగా పక్కటెముకలు లేవు.

జీను సరిగ్గానే ఉంటే రౌతు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నాడేమో, వెన్నుపూసల ముళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయేమో, వెనక కాలి కుంటు వల్ల నడుముకు పని పెరిగిందేమో చూడాలి.

చేతితో చేయాల్సింది: అరచేయి మొత్తం ఆనించి, వెన్నుకు రెండు వైపులా ఉన్న పొడవాటి కండరం మీద మూపు నుంచి నడుము దాకా నిదానంగా వెళ్ళండి. గోళ్ళతో గీరి వీపు పైకి లేపించే పరీక్షలు అందరూ చేస్తుంటారు. నొప్పి ఉన్న గుర్రానికి అది హింస, చేసేవాళ్ళకు తన్నులు. దానికి బదులు పొట్ట మధ్య గీత మీద వేళ్ళ మెత్తటి భాగంతో కొద్దిగా పైకి ఒత్తండి. వీపు తనంతట తాను కాస్త పైకి లేస్తే చాలు, రెండు మూడుసార్లకు ఆపేయండి. జీను సరిచేయించేదాకా స్వారీ మానేయండి. అది మానకుండా వీపు ఎంత పిసికినా దండగ.

లక్షణం: ముందు అడుగు పొట్టిగా పడుతోంది

గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టుకుని, నేరుగా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య ఉండే నెమ్మది పరుగు) చేయించి చూడండి. నొప్పి కాలు నేలను తాకినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు పడ్డప్పుడు కిందకు దిగుతుంది. తల ఆడుతోందంటే కుంటు ఉన్నట్టే, వెట్‌కి చూపించాలి. ముందు కాలి కుంటుల్లో ఎక్కువ భాగానికి మూలం గిట్టలో ఉంటుంది. అయినా అందరి చెయ్యీ ముందు భుజం మీదకే పోతుంది! ఇంకో తికమక కూడా ఉంది: వెనక కాలి కుంటు ఒక్కోసారి అదే పక్క ముందు కాలి కుంటులా కనిపిస్తుంది.

తల ఆడకుండా, రెండు కాళ్ళూ సమానంగా పొట్టిగా పడుతుంటే కూడా గిట్టల్ని తోసిపుచ్చలేం. రెండు గిట్టలూ నొప్పి పెడితే తల ఆడదు మరి. గిట్టలు చెక్కి ఎన్నాళ్ళయింది? సాధారణంగా 6 నుంచి 8 వారాలకోసారి చేయించాలి. గిట్ట ముందుకు పొడుగ్గా పెరిగితే అడుగు మారిపోతుంది.

అవన్నీ తేలాకే భుజం. గుర్రానికి కాలర్‌బోన్, అంటే మనకు గొంతు కింద అడ్డంగా ఉండే ఎముక లేదు. ముందు కాళ్ళు రెండూ కండరాలతో మాత్రమే ఛాతీకి వేలాడుతుంటాయి. పైగా శరీర బరువులో దాదాపు 60 శాతం వాటి మీదే. అందుకే మూపు కింద, ఛాతీ ముందు, మోచేతి వెనక బిగువు అంత తేలిగ్గా పేరుకుంటుంది.

చేయాల్సింది: భుజపుటెముక ముందు అంచు వెంట వేళ్ళు నిలిపి ఎదురుచూడండి. తర్వాత కాలు ఎత్తి, గిట్ట శుభ్రం చేసేటప్పటి కంటే కింద పట్టుకోండి. లాగకండి. గుర్రం బరువు మీ చేతిలోకి వదిలేదాకా ఆగి, కాలిని కొంచెం వెనక్కి తీసుకెళ్ళి గిట్ట కొన నేలకు ఆనేలా దించండి. అది వెంటనే కాలు లాక్కుని నిలబడితే ఇంకా కిందగా పట్టుకుని మళ్ళీ ప్రయత్నించండి. వదులైన భుజం కాలు దింపేటప్పుడే తెలుస్తుంది: మోకాలు మెత్తగా వంగి, మూపు ఆ పక్కకు కాస్త జారుతుంది.

లక్షణం: ఒక పక్కకే తిరుగుతుంది, తల ముట్టనివ్వదు

కారణాలు: పళ్ళు, కళ్ళెం, ఎప్పుడో తాడు తెంచుకునే ప్రయత్నంలో పడ్డ దెబ్బ. పై దవడ పళ్ళ బయటి అంచులు, కింది దవడ పళ్ళ లోపలి అంచులు పదునెక్కి బుగ్గనూ నాలుకనూ కోస్తాయి. ఏడాదికోసారైనా పళ్ళు చూపించాలి.

చెవుల వెనక, మెడ మొదట్లో రెండు పక్కలా రెక్కల్లా ఎముక చేతికి తగులుతుంది, మొదటి మెడపూస అదే. ఒక చెయ్యి ముక్కు దూలం మీద, రెండో చెయ్యి ఆ ఎముక వెనక పెట్టి ముక్కును మీ వైపు ఒక అంగుళం రానివ్వండి, అంతే. గుర్రం ఎదురు బిగిస్తే మీ చెయ్యే వదులు చేయాలి. బలంలో గుర్రంతో పోటీ పడి గెలిచేదేం లేదు.

తర్వాతి వారాల్లో క్యారెట్ చూపించి మెడ వంచే వ్యాయామాలు బాగా పనికొస్తాయి. గడ్డం ఛాతీకి, భుజానికి, పొట్ట పక్కకు, ముందు కాళ్ళ మధ్యకు తెప్పించాలి. ఇలాంటి వ్యాయామాలు వారానికి 5 రోజుల చొప్పున 3 నెలలు చేయిస్తే వెన్నును పట్టి ఉంచే లోపలి కండరాలు పెరిగినట్టు 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది. మెడ వంచకుండా తల ఒక పక్కకు వాల్చి క్యారెట్ అందుకుంటే పని దొంగతనం చేస్తోందన్నమాట. దూరం తగ్గించండి.

లక్షణం: వెనక గిట్ట ఈడుస్తోంది, మలుపులో పక్కకు జారుతోంది

వెనక దూరంగా నిలబడి ట్రాట్‌లో తుంటి ఎముకలు రెండూ గమనించండి. రెండు పక్కలా చిన్న టేపు ముక్కలు అతికిస్తే ఇంకా తేలిక. ఏ పక్క టేపు ఎక్కువగా పైకీ కిందకీ ఊగుతుందో సాధారణంగా కుంటు ఆ కాలిదే. హాక్ (వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు), స్టైఫిల్ (దానికి పైన, మన మోకాలి లాంటిది) కీళ్ళ నొప్పి, గిట్ట తేడా, తుంటి కలిసేచోట బెణుకు, ఏదైనా కావచ్చు. తూలుతూ కాళ్ళు అడ్డదిడ్డంగా వేస్తుంటే నరాల జబ్బు అనుమానించి వెట్‌ని పిలవాలి, చెయ్యి వేయకూడదు.

వెట్ చూశాక, తొడ వెనక కండరాల మధ్య గాడి వెంట పైనుంచి కిందకు వెళ్ళండి. కాలు కొద్దిగా ఎత్తి చిన్న సున్నాలు తిప్పి, గిట్ట కొన మీద దించి అలాగే నిలవనివ్వండి. చెయ్యి వేసేటప్పుడు గుర్రానికి నేరుగా వెనక ఎప్పుడూ నిలబడకండి.

లక్షణం: గర్త్ బిగిస్తే కొరుకుతుంది

పొట్ట పట్టీ కింద కండరం నొప్పి కావచ్చు. కడుపులో అల్సర్లూ కావచ్చు. బాగా తినకపోవడం, చిక్కిపోవడం తోడైతే ఎండోస్కోపీ చేయించండి. "దీని బుద్ధే అంత" అన్న మాట మాత్రం చివరికి మిగలాలి, అంతకంటే ముందు వద్దు.

లక్షణం: చేసిన రోజు బాగుంటుంది, వారంలో మళ్ళీ అదే చోట బిగుస్తుంది

మసాజ్ చాలక కాదు. కారణం అక్కడే ఉంది కాబట్టి. ఒక పుస్తకంలో గుర్రం బొమ్మ గీసి ప్రతిసారీ బిగువు తగిలిన చోట గుర్తు పెట్టండి. పక్కనే గిట్టలు చెక్కిన తేదీ, జీను, రౌతు, పళ్ళు చూపించిన తేదీ రాయండి. గిట్టలు చెక్కే గడువు దగ్గర పడుతున్న కొద్దీ బిగువు పెరుగుతుంటే ఆ గడువు తగ్గించమని ఫారియర్‌ని, అంటే గిట్టలు చెక్కే మనిషిని, అడగండి. ఒకే రౌతు ఎక్కిన మర్నాడు తేలుతుంటే అతని కూర్చోవడం చూడండి. వీటిలో దేనికీ అందకపోతే, మూడోసారి కూడా అదే చోట అదే తీరు అయితే, ఆ బొమ్మలన్నీ తీసుకెళ్ళి వెట్ ముందు పెట్టండి. నెర్వ్ బ్లాక్ (నొప్పి ఎక్కడిదో తేల్చడానికి నరానికి మత్తు ఇవ్వడం) చేయాల్సిన కాలు ఏదో తేల్చుకోవడానికి అవి ఆయనకు పనికొస్తాయి. చికిత్స మొదలయ్యాక చేతి పని ఆపక్కర్లేదు. కాకపోతే చేసిన రోజు స్వారీ పెట్టకుండా పది నిమిషాలు చేత్తో పట్టుకుని నడిపించి, తిరగడానికి వదిలేయండి.