ఆడపిల్లల బడిలో ముందు గడియ చూడండి

జూన్‌లో బడి తెరిచే రోజు పిల్లలు రాకముందే వెళ్లి నేను చేసే మొదటి పని మరుగుదొడ్ల తలుపులు చూడటం. ఒక్కో తలుపూ దగ్గరికి లాగి, గడియ పెట్టి, మళ్లీ తీసి, ఆ గడియ ఒకటో తరగతి పిల్ల చేతికి అందుతుందా, సెలవుల్లో తుప్పు పట్టి బిగుసుకుపోయిందా, పెట్టాక పిల్ల లోపలే ఇరుక్కుపోతుందా అని చూస్తాను. అది ఆయమ్మ చూసుకునే పని కదా మేడం అని కొత్తగా వచ్చిన టీచర్లు అంటుంటారు. నేనే ఎందుకు చూస్తానో చెప్తాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో మూడో తరగతి పిల్ల మధ్యాహ్నం బెల్లు అయ్యాక కళ్లు తిరిగి పడిపోయింది. ఎండాకాలం కూడా కాదు. ఏఎన్ఎం వచ్చి, పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ, పొద్దున్నుంచి ఎన్నిసార్లు నీళ్లు తాగావమ్మా అని అడిగింది. "తాగలేదు. తాగితే ఒంటికొస్తుంది కదా, అక్కడ గడియ ఊడిపోయింది" అంది పిల్ల. ఆ గడియ సంగతి అంతకు రెండు వారాల ముందే మాకు చెప్పింది. సరేలే, బాగు చేయిద్దాం అనేసి మేం రిజిస్టర్లలో పడిపోయాం. పిల్ల మళ్లీ అడగలేదు, నీళ్లు తాగడం మానేసింది. గడియ ఊడిందంటేనే పట్టించుకోని టీచర్‌కి, రేపు నిజంగా పెద్ద కష్టం వస్తే ఆ పిల్ల చెప్తుందా? ఆ రోజునుంచి బడిలో భద్రత అంటే నాకు ఒకటే లెక్క. పిల్ల ఒక చిన్న మాట చెప్తే సాయంత్రంలోగా దాని మీద ఏదో ఒకటి జరగాలి, జరిగిందని ఆ పిల్లకి తెలియాలి. బాలికల ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన టీచర్లకి, పేరెంట్స్ కమిటీలో ఉన్న తల్లులకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

నీళ్లు, దొడ్లు

విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో మంచి తాగునీళ్లు, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్లు ఉండాలని చెప్పింది. గదులు చాలాచోట్ల కట్టారు, ఇబ్బందంతా వాటిని వాడుకునేలా ఉంచడంలోనే వస్తుంది. బక్కెట్టు, మగ్గు, లోపల వెలుతురు, బయట సబ్బు ఉండాలి. సబ్బు పెడితే మాయమైపోతోందని చాలామంది పెట్టడమే మానేస్తారు. ఉల్లిపాయలు అమ్మే వల సంచి ఉంటుంది కదా, సబ్బుని నాలుగు ముక్కలు చేసి అందులో వేసి కుళాయికి కట్టెయ్యండి, పిల్లలు సంచిని రుద్దుకుంటారు, ముక్క కింద పడదు, ఎవరూ పట్టుకుపోరు.

వాటర్ బెల్ కొట్టి నీళ్లు తాగించడం మంచిదే, కానీ ఆ బెల్లు వెంటనే ఐదు నిమిషాలు దొడ్డికి వెళ్లే టైం ఇవ్వకపోతే ఆ నీళ్లు పిల్లలు తాగినట్టు నటిస్తారు, అంతే. పాఠం మధ్యలో వేలు చూపిస్తే "ఇప్పుడే కదా వెళ్లొచ్చావ్" అనకండి. చిన్నపిల్లల్ని జతగా పంపండి. ఒకటో తరగతి తల్లులకి ఇంకో మాట గట్టిగా చెప్పండి, బొందు ప్యాంట్లు వెయ్యొద్దు, ఎలాస్టిక్‌వి వెయ్యండని. ముడి బిగుసుకుపోయి, విప్పుకోవడం రాక, ఎవర్నీ అడగలేక, గోడ పక్కన తడిసిన బట్టలతో నిలబడిపోయిన పిల్లల్ని నేను ఏటా చూస్తాను. అందుకే బడిలో రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు బీరువాలో ఎప్పుడూ ఉంచుతాం. మార్చేటప్పుడు ఆయమ్మ ఒక్కతే ఉంటుంది, తోటి పిల్లలకి తెలియనివ్వం.

నీళ్ల సంపుకి మూత, మూతకి తాళం. బోరు మోటారు స్విచ్చి పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి. ఈ రెండూ ఈరోజే చూడండి, రేపటికి వద్దు.

గేటు దగ్గర

పొద్దున వచ్చేటప్పటికంటే సాయంత్రం వెళ్లేటప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి. అందరూ ఒక్కసారే బయటపడతారు, ఆటోలు, బళ్లు, ఐసు బండి అన్నీ అక్కడే ఉంటాయి. మేం గేటు దగ్గర ఒక నోట్ బుక్ పెట్టుకున్నాం. ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఆ పిల్లని తీసుకెళ్లగలిగిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, అతికించిన ఫొటోలు. మూడో మనిషి వస్తే తల్లికి ఫోన్ చేసి, ఆమె గొంతు విన్నాకే పంపుతాం. "మీ అమ్మకి ఒంట్లో బాగోలేదు, నిన్ను తీసుకురమ్మంది" అనే మాట పిల్లని ఇట్టే లేపుకెళ్లిపోతుంది, అందుకని ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఇంట్లో వాళ్లతో ఒక గుర్తు మాట పెట్టుకోమని నేర్పుతాం. కాకరకాయ అనో, తమ్ముడి ముద్దుపేరు అనో ఏదైనా సరే, ఆ మాట చెప్పనివాళ్లతో వెళ్లకూడదు.

ఒకసారి ఒక పిల్ల మేనమామ వచ్చి, "ఏంటమ్మా ఇది, సొంత మేనమామని, నన్ను ఆపుతారా?" అని బాగా గొడవపడ్డాడు. నిజమైన మేనమామే. తల్లి ఫోన్ ఎత్తేదాకా పావుగంట గేటు బయట నిలబెట్టాం, కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాం కానీ పిల్లని పంపలేదు. మర్నాడు ఆ తల్లి వచ్చి, "మా అన్నయ్యకి కోపం వచ్చింది గానీ నాకు ధైర్యం వచ్చిందండీ" అంది. మొహమాటపడితే ఈ నోట్ బుక్ ఒక్క రోజు కూడా పనిచెయ్యదు.

ఆటోలో డ్రైవర్ పక్కన పిల్లని కూర్చోబెట్టకూడదని తల్లులే ఆటో అతనికి చెప్పాలి, మనం కమిటీలో తీర్మానం రాసి ఇస్తే వాళ్లకి చెప్పడం తేలికవుతుంది. బంగారు కమ్మలు, వెండి పట్టీలు పెట్టి పంపొద్దనేది కూడా అందులోనే రాయించండి.

వంటగది

మా బడిలో ప్రతి జులై 16న వంటగది తనిఖీ ఉంటుంది. 2004లో అదే తేదీన తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటగది దగ్గర మొదలైన మంట తాటాకు కప్పు అంటుకుని పై అంతస్తులో ఉన్న చిన్నపిల్లల దాకా పాకింది, 94 మంది పిల్లలు చనిపోయారు. 2013లో మళ్లీ అదే తేదీన బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్‌లో పురుగుమందు కలిసిన నూనెతో వండిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. ఆ రోజు కూర రుచి తేడాగా ఉందని పిల్లలు చెప్పారని పేపర్లలో చదివినప్పుడు నాకు నా పాత బడిలో గడియే గుర్తొచ్చింది. పిల్లలు చెప్పారు, కానీ ఎవరూ ఆగలేదు.

అందుకని భోజనం విషయంలో పిల్ల మాటే మాకు మొదటి పరీక్ష. వడ్డించే అరగంట ముందు ఒక టీచరు, ఆ రోజు వంతు వచ్చిన తల్లి కలిసి తింటారు. తరవాత కూడా ఏ పిల్లైనా "ఏదో వాసనొస్తోంది టీచర్" అంటే వడ్డన ఆగుతుంది, ఒకరోజు ఆలస్యమైతే ఏం కొంపలు మునగవు. ఖాళీ పురుగుమందు డబ్బా వంటగది చుట్టుపక్కల కనపడకూడదు. నూనె, పప్పు కొన్న ప్యాకెట్‌లోనే ఉండాలి, డబ్బాలోకి మారిస్తే దానిమీద పేరు రాయాలి. ప్రాథమిక తరగతుల్లో ఒక్కో పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు కొలత, ఆ కొలత గోడ మీద రాసి పెట్టండి, తల్లులు వచ్చి చూస్తారు. అన్నిటికంటే ఎక్కువ భయం వేడి సాంబారు గిన్నెతో. గిన్నె మోసుకొచ్చే దారి, పిల్లలు వరసలో నిలబడే దారి ఒకటే కాకుండా చూడండి. పిల్లలందరూ కింద కూర్చున్నాకే గిన్నె కదలాలి.

చెప్పుకునే చోటు

ఒంటి గురించి మాట్లాడటం మాకూ మొదట్లో టెన్షనే. చాలా మామూలు మాటల్లో చెప్తాం. లోపలి బట్టలు వేసుకునే చోట్లు నీవి, అమ్మ స్నానం చేయించేటప్పుడు, అమ్మ పక్కనుండగా డాక్టరు చూసేటప్పుడు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరైనా ముట్టుకుంటే "వద్దు" అని గట్టిగా అరిచెయ్, అక్కడినుంచి వచ్చెయ్, వచ్చి చెప్పు. ఎవరికి చెప్పాలో ముందే తెలియాలి, అందుకని చెయ్యి కాగితం మీద పెట్టి గీయించి, ఐదు వేళ్ల మీద ఐదుగురి పేర్లు రాయిస్తాం. ఒక పిల్ల నాలుగు వేళ్లు ఖాళీగా వదిలేసి, బొటనవేలి మీద మాత్రం "వంట ఆయమ్మ" అని రాసింది. ఆ రోజునుంచి ఆయమ్మకి కూడా మాతోపాటే ఈ విషయాలన్నీ చెప్పడం మొదలుపెట్టాం. ఇంకో మాట కూడా పిల్లలకి నోటికి వచ్చేదాకా చెప్పండి, "అమ్మకి చెప్పొద్దు" అని ఎవరైనా అంటే ఆ మాటే ముందు అమ్మకి చెప్పాలి.

పిల్ల నిజంగానే ఏదైనా చెప్తే మన మొహం మారకూడదు. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదమ్మా" అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాలి. గుచ్చి గుచ్చి అడగకండి, పదిమంది ముందు మళ్లీ చెప్పించకండి, ఆ పిల్ల వాడిన మాటలే తేదీతో రాసి పెట్టుకోండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకి తెలియజేయాలి, తెలియజేయకపోవడం కూడా నేరమే, ఊరి పెద్దలు కూర్చుని సర్దేస్తామంటే ఒప్పుకోకండి. స్టేషన్‌కి వెళ్లాలంటే ఇంట్లోవాళ్లు భయపడతారు, వాళ్లకి ఇది చెప్పండి, పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, యూనిఫాం లేకుండా వీలైనంతవరకూ మహిళా ఎస్సై వస్తారు, పిల్ల పేరు, ఫొటో బయటపెట్టకూడదు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. పోలీసులు వెంటనే కావాలంటే 112. ఈ రెండు నంబర్లూ ప్రేయర్‌లో పాటలా చెప్పిస్తాం.

కొట్టడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చట్టం వద్దంది సరే, అసలు కొట్టే టీచర్ దగ్గరికి వచ్చి ఏ పిల్లా ఏదీ చెప్పుకోదు.

ఐదో తరగతి పిల్లలు

ప్రైమరీ బడే కదా, నెలసరి సంగతి హైస్కూల్లో చూసుకుంటారు అనుకుంటే పొరపాటు. పదేళ్లకే పెద్దమనిషి అవుతున్న పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు ఉంటారు. కిందటేడు ఐదో తరగతి పిల్ల బల్ల మీదనుంచి లేవనంది. ఏదో దెబ్బ తగిలి రక్తం వచ్చిందనుకుంది, అమ్మ తిడుతుందని ఏడుస్తోంది. పక్కన కూర్చుని, నా చున్నీ నడుముకి చుట్టి, మిగతా పిల్లల్ని ఆటకి పంపి, ఇది జబ్బు కాదు, నాకూ వస్తుంది, మీ అమ్మకీ వస్తుంది అని చెప్పాక నా చెయ్యి వదిలింది. ఆ మాట నాలుగో తరగతి చివర్లోనే చెప్పాల్సింది, ఇప్పుడు చెప్తున్నాం. బీరువాలో ప్యాడ్లు, పాత పేపర్లు, మూత ఉన్న చెత్తడబ్బా ఉంచండి. ఫంక్షన్ అని పిల్లని రెండు వారాలు ఇంట్లో కూర్చోబెట్టేస్తారు కొందరు, వాళ్లింటికి వెళ్లండి, ఫంక్షన్ ఆదివారం చేసుకోండి, సోమవారం బడికి పంపండి అని అడగండి. టీచరు గడప దాకా వచ్చి అడిగితే చాలామంది కాదనరు.

ఊరిని కలుపుకోవడం

మాకు దగ్గర్లోని ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టారు. అప్పట్లో ఆడపిల్లకి చదువెందుకు అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఏ తల్లీ అలా అడగదు, పంపితే క్షేమంగా తిరిగొస్తుందా అని అడుగుతుంది. దానికి జవాబు బడి గోడల లోపల మాత్రమే దొరకదు.

కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద ఉంటారు, మీటింగ్‌కి భర్తలు వస్తారు. పదకొండు గంటలకి మీటింగ్ పెడితే నాట్లకి, ఇళ్లలో పనికి వెళ్లే తల్లి ఎలా వస్తుంది? సాయంత్రం ఐదున్నరకి మార్చాక మాకు తల్లులు వస్తున్నారు. వాళ్లని ముందు మాట్లాడనివ్వండి, లెక్కలు తర్వాత చదవండి. సంక్రాంతి ముందు ముగ్గుల రోజు, నెలకోసారి అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చి కథ చెప్పి తొక్కుడుబిళ్ల, వామనగుంటలు ఆడించే పూట పెట్టుకోండి. అలా బడికి అలవాటుపడిన నాయనమ్మే గేటు బయట తెలియని మనిషి తచ్చాడుతుంటే "ఎవరయ్యా నువ్వు?" అని అడుగుతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది దారి పటం. మూడో తరగతి నుంచి పిల్లలందరికీ ఒక్కో తెల్ల కాగితం ఇచ్చి, ఇంటినుంచి బడికి వచ్చే దారి గీసి, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమనండి. మొదటిసారి మేం కుక్కలు ఉన్న సందు వస్తుందనుకున్నాం, వచ్చింది. కానీ పదకొండు మంది ఒకే చోట చుక్క పెట్టారు, కాలవ గట్టు మీద వంతెన పక్క. అక్కడ పగలే తాగి కూర్చుంటారని, ఆ గట్టుకి రెయిలింగ్ లేక అంచునే నడవాల్సి వస్తోందని మాలో ఒక్కరికీ తెలియదు. ఆ పదకొండు పటాలూ పట్టుకుని కమిటీ తల్లులు పంచాయతీకి వెళ్లారు, మహిళా పోలీసుని కూడా తీసుకెళ్లారు. లైటు నెలలో వచ్చింది. రెయిలింగ్‌కి ఏడాది తిరగాల్సి వచ్చింది, ఈలోగా ఆ వీధి పిల్లలందర్నీ ఒక గుంపుగా చేసి రోజుకో తల్లి వెంట నడిచింది.

పటం ఒకసారి గీయించి బీరువాలో పెట్టెయ్యకండి. జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవులయ్యాక ఒకసారి గీయించి పాతదీ కొత్తదీ పక్కపక్కన గోడకి అతికించండి. ఏ చుక్క పోయిందో, కొత్తగా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో పిల్లలే దాని ముందు నిలబడి ఒకరికొకరు చెప్పుకుంటారు. మీరు పక్కన నిలబడి వినండి.